కొడుకు నేర్పి వెళ్ళిన పాఠం



రెండేళ్ళ క్రితం మన సంఘంలో ఒక తండ్రి నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆయన పేరు రాయను. మీలో చాలామందికి ఆయన తెలుసు. చేతికి అంది వచ్చిన కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మట్టి కార్యక్రమం అయిన మూడో రోజు సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన నులకమంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండానే, "అయ్యగారూ, పెంచాం, చదివించాం, చివరికి అంతా వృథాయేనా?" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పాను. సెమినరీలో నేర్చుకున్నదే చెప్పాను. దేవుని చిత్తం గురించి మాట్లాడాను, రెండు వాక్యాలు చదివాను, ప్రార్థన చేసి లేచి వచ్చేశాను. ఆయన తల ఊపారు, అంతే. ఆ తరువాత చాలా ఆదివారాలు వెనక వరసలో గుమ్మం దగ్గర కూర్చుని, ముగింపు ప్రార్థన కాకముందే లేచి వెళ్ళిపోయేవారు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఆ సంగతి నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమయ్యేలా చేసింది ఒక యుద్ధకాలపు చరిత్ర. దానినే ఈ రోజు మీకు చెప్పాలని కూర్చున్నాను. సెప్టెంబరు నెల వచ్చింది కాబట్టి సమయం కూడా తగినదే.

1939 సెప్టెంబరు 3, ఆదివారం. ఉదయం 11 గంటల 15 నిమిషాలకు ఇంగ్లండు ప్రధానమంత్రి నెవిల్ చాంబర్లేన్ రేడియోలో మాట్లాడి, జర్మనీతో యుద్ధం మొదలైందని ప్రకటించాడు. అదే రోజు మన దేశంలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఇక్కడి నాయకులను ఒక్క మాట అడగకుండానే, ఇండియా కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. ఒక్క ఆదివారంతో మన ఊళ్ళు కూడా ఆ యుద్ధంలోకి వెళ్ళిపోయాయి.

మరునాడు, అంటే 4వ తేదీ సోమవారం, బ్రిటిషు వాయుసేన జర్మనీ మీద మొదటి బాంబు దాడికి బయలుదేరింది. జర్మనీ ఉత్తర తీరంలో విల్‌హెల్మ్స్‌హావెన్ అనే నౌకాశ్రయం ఉంది. అక్కడి యుద్ధనౌకలే గురి. ఊళ్ళ మీద, సాధారణ ప్రజల మీద బాంబు పడకూడదని పైనుంచి గట్టి ఆజ్ఞ. యుద్ధం ఇంకా కొత్త. పట్టణాలకు పట్టణాలు తగలబెట్టే రోజులు తరువాత వచ్చాయి.

వెళ్ళినవి బ్లెన్‌హైమ్ అనే రెండు ఇంజన్ల చిన్న బాంబరు విమానాలు. ఒక్కొక్క దానిలో ముగ్గురు మనుషులు. 107, 110, 139 నంబర్ల దళాల నుంచి ఐదేసి చొప్పున మొత్తం 15 విమానాలు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వాటిలో 110వ దళం పూర్తి పేరు ఏమిటో తెలుసా? "110 హైదరాబాద్ దళం." మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఆ దళానికి కావలసిన విమానాలను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహుమతిగా ఇచ్చాడు. అవి నిజాం ఇచ్చినవని ఆ విమానాల మీద రాయించారు కూడా. అందుకే ఆ దళానికి మన హైదరాబాదు పేరు నిలిచిపోయింది. నిజాం సంపదకు మూలం ఏమిటి? నేల దున్నిన రైతు కట్టిన శిస్తే కదా. తెలంగాణలో, మరాఠ్వాడాలో విమానం ముఖం ఎన్నడూ చూడని రైతుల చెమట కూడా ఏదో ఒక దారిన ఆ పేరులో ఉంది.

ఆ సాయంకాలం ఆకాశం బాగాలేదు. మబ్బులు కిందకు దిగి, వాన జల్లులు పడుతున్నాయి. 139వ దళానికి గురి కనిపించక తిరిగి వచ్చేసింది. హైదరాబాదు దళానికి నాయకుడు కెన్నెత్ డోరన్ అనే అధికారి. మబ్బు కింద నుంచి ఒక్కసారిగా అడ్మిరల్ షీర్ అనే పెద్ద యుద్ధనౌక ఎదుటపడింది. డెక్కు మీద నావికులు తీరికగా నిలబడి ఉన్నారట. నౌక వెనక భాగంలో ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయట. ఆ ఆరేసిన బట్టలను డోరన్ తరువాత గుర్తు చేసుకుని చెప్పాడు. ఈ మాట నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. మన పెరట్లో తీగ మీద ఆరేసే బట్టల్లాంటివే అవి.

బాంబులు వేశారు. కొన్ని నౌకకు తగిలాయి కూడా, కానీ పేలలేదు. ఈలోగా నౌకల మీది ఫిరంగులన్నీ మేల్కొన్నాయి. వెనకాల వచ్చింది 107వ దళం. ముందు వెళ్ళినవాళ్ళకు దొరికిన అవకాశం వీళ్ళకు దొరకలేదు. నిప్పులు కక్కే ఫిరంగుల మధ్యకు నేరుగా వెళ్ళారు. ఆ దళం విమానాలు ఐదింటిలో నాలుగు తిరిగి రాలేదు. హైదరాబాదు దళంలో ఒకటి రాలేదు. ఒక విమానం ఎమ్డెన్ అనే నౌక మీదనే కూలి, అక్కడి నావికులు కూడా చనిపోయారు. వాళ్ళకూ తల్లులున్నారు. ఆ రాత్రి ఏడ్చిన ఇళ్ళు ఇంగ్లండులోనూ ఉన్నాయి, జర్మనీలోనూ ఉన్నాయి.

యుద్ధం లెక్కలో చూస్తే ఆ దాడి వల్ల పెద్దగా సాధించింది లేదు. యుద్ధనౌక మునగలేదు. యుద్ధమేమో ఇంకో ఐదున్నర ఏళ్ళు సాగింది. ఆ దాడికి వెళ్ళి రాకుండా పోయిన 107వ దళం పైలట్లలో ఒక యువకుని పేరు పైలట్ ఆఫీసర్ హెర్బర్ట్ బ్రయాన్ లైటోలర్.

లైటోలర్ అనే పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? మీలో చాలామంది టైటానిక్ సినిమా చూశారు. ఆ ఓడలో రెండవ అధికారి చార్లెస్ లైటోలర్. ఆ ఓడ అధికారులలో బతికి బయటపడినవాళ్ళందరిలో పెద్ద హోదా గలవాడు ఆయనే. ఈ బ్రయాన్ ఆయన కడసారి కొడుకు.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండకు గుద్దుకున్నప్పుడు ఆయన వయసు 38. ఓడ ఎడమ పక్కన పడవలను దింపే పని చూసింది ఆయనే. స్త్రీలకు, పిల్లలకే చోటు అనే ఆజ్ఞను చాలా ఖండితంగా పాటించాడు. ఆ పడవలన్నిటిలో కలిపి 1178 మందికి చోటు ఉంది. కానీ బతికింది సుమారు 700 మంది. చాలా పడవలు సగం ఖాళీగానే నీళ్ళలోకి దిగాయి. నిండా మనుషులతో అంత ఎత్తు నుంచి దింపితే పడవ తట్టుకోదేమోనని భయపడ్డామని ఆయన తరువాత విచారణలో చెప్పాడు. 1500 మందికి పైగా ఆ చల్లటి నీళ్ళలో పోయారు. ఓడ మునిగేటప్పుడు ఆయన కూడా నీళ్ళలో పడ్డాడు. తలకిందులుగా తేలుతున్న ఒక పడవ వీపు మీదికి ఎక్కి, దాదాపు 30 మందితో కలిసి తెల్లవారేదాకా నిలబడ్డాడు. అల వచ్చినప్పుడల్లా అందరినీ ఒకే వైపు ఒరగమని చెబుతూ ఆ పడవను నిలిపాడు.

ఆయనకు, ఆయన భార్య సిల్వియాకు ఐదుగురు పిల్లలు. ఆయన ముసలితనంలో సన్‌డౌనర్ అనే ఒక మోటారు పడవ చూసుకుంటూ కాలం గడిపేవాడు. 58 అడుగుల పొడవు. 1939 వేసవిలో నౌకాదళం వాళ్ళు అడిగితే ఆ దంపతులిద్దరూ షికారుకు వెళ్ళినట్టుగా ఆ పడవలో వెళ్ళి జర్మనీ తీరాన్ని పరిశీలించి వచ్చారు. ఆ తరువాత కొద్ది వారాలకే ఆ జర్మనీ తీరంలోనే వాళ్ళ చిన్న కొడుకు పోయాడు. యుద్ధం మొదలైన రెండో రోజే. మిగతా ఇళ్ళలో ఇంకా బిడ్డలకు సామాన్లు సర్దుతున్నారు. వీళ్ళింట్లో మాత్రం అప్పటికే ఒక కుర్చీ ఖాళీ అయింది.

ఆ ఇంట్లో ఆ శీతాకాలం ఎలా గడిచిందో మనం ఊహించుకోవలసిందే. బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నాయి కదా. పొయ్యి వెలుగుతుంది, అన్నం ఉడుకుతుంది, ఎవరూ మాట్లాడరు.

తొమ్మిది నెలలు నిండకముందే ఇంకో సంగతి జరిగింది. 1940 మే నెలాఖరులో బ్రిటిషు, ఫ్రెంచి సైన్యాలు ఫ్రాన్సు తీరంలో డంకర్క్ అనే చోట చిక్కుకుపోయాయి. మూడు వైపులా శత్రువు, నాలుగో వైపు సముద్రం. నిర్గమకాండంలో ఎర్రసముద్రం ముందు నిలబడిన ఇశ్రాయేలీయులను తలుచుకోండి. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేవు. అందుకని చేపల పడవలు, షికారు పడవలు, దొరికిన ప్రతి చిన్న పడవనూ పంపించారు. మే 26 నుంచి జూన్ 4 వరకు 3,38,226 మందిని దాటించారు.

మే 31న నౌకాదళం నుంచి లైటోలర్‌కు ఫోను వచ్చింది. పడవను రామ్స్‌గేట్ రేవుకు తెచ్చి ఇవ్వండి, అక్కడి నుంచి మా మనుషులు తీసుకువెళ్తారు అన్నారు. ఆయనకు అప్పటికి 66 ఏళ్ళు. నా పడవను నేనే తీసుకువెళ్తాను అన్నాడు. జూన్ 1 ఉదయం పెద్ద కొడుకు రోజర్‌ను, ఒక సముద్ర స్కౌటు కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఒక కొడుకును అప్పటికే ఇచ్చిన తండ్రి ఇంకో కొడుకును పక్కన పెట్టుకుని ఎవరి కొడుకుల కోసమో సముద్రం మీదికి వెళ్ళాడు.

దారిలో ఒక పడవ తగలబడుతుంటే అందులోని వాళ్ళను ఎక్కించుకున్నారు. డంకర్క్ చేరాక సైనికులను ఎక్కించడం మొదలుపెట్టారు. అంతకుముందు ఎన్నడూ ఆ పడవ 21 మందికి మించి మోయలేదు. ఆ రోజు సుమారు 130 మందిని ఎక్కించారు. ముందు లోపలి గదులు నింపారు. తరువాత వంటగది, స్నానాల గది, ఆ తరువాత పైన డెక్కు. రామ్స్‌గేట్‌లో దిగేటప్పుడు ఎంతకూ తరగకుండా మనుషులు బయటికి వస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు నోరు తెరిచి చూశారట.

టైటానిక్ రాత్రి చోటుండీ ఖాళీగా వెళ్ళిన పడవలు. డంకర్క్ రోజు చోటు లేకపోయినా నిండిపోయిన పడవ. రెండు చోట్లా పడవ పక్కన నిలబడినవాడు ఒకే మనిషి. ఈ రెండు రోజులనూ ఆయన తన మనసులో జోడించి చూసుకున్నాడో లేదో నేను చెప్పలేను. చదివే మనకు మాత్రం జోడించకుండా ఉండడం కష్టం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జర్మనీ విమానాలు ఆ పడవ మీద దాడి చేశాయి. ఆ పడవలో ఫిరంగి లేదు, కనీసం ఒక తుపాకీ లేదు. మరి ఎలా తప్పించుకున్నారు? విమానం దూకుతూ వచ్చేటప్పుడు తొందరపడి పక్కకు తిరగకూడదు. అది గురి పెట్టి, ఇక దారి మార్చుకోలేని క్షణం దాకా ఓర్చుకుని, అప్పుడు చుక్కానిని గట్టిగా తిప్పాలి. లైటోలర్ ఆ క్షణం కోసం కనిపెట్టి చెబుతుంటే రోజర్ చుక్కాని తిప్పాడు. ఆ పడవలో ఒక్కరు కూడా చనిపోలేదు, ఒక్కరికి కూడా గాయం కాలేదు.

66 ఏళ్ళ ఓడ మనిషికి విమానాల గుట్టు ఎవరు చెప్పారు?

బ్రయాన్ చెప్పాడు. బతికి ఉన్నప్పుడు, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా, విమానం ఎలా దాడి చేస్తుంది, దాని నుంచి ఎలా తప్పించుకోవాలి అనే సంగతులు నాన్నకు చెబుతూ ఉండేవాడు. ఆ పనిలో అతనికి మంచి నేర్పు ఉండేదట. తామందరమూ క్షేమంగా ఒడ్డు చేరామంటే చాలా మట్టుకు తన చిన్న కొడుకు తెలియకుండా చేసిన సహాయమే కారణమని ఆ తండ్రి తరువాత రాశాడు.

తెలియకుండా చేసిన సహాయం! ఆ కుర్రవాడు నాన్నతో మాట్లాడేటప్పుడు ఎవరి ప్రాణాలో కాపాడుతున్నానని అనుకోలేదు. ఏ కొడుకైనా తన పని గురించి తండ్రికి చెప్పినట్టే ఉత్సాహంగా చెప్పి ఉంటాడు. తండ్రి కూడా ఏ తండ్రి విన్నట్టో అలాగే విని ఉంటాడు. ఆ మాటలు తండ్రి లోపల మిగిలిపోయాయి. తొమ్మిది నెలల తరువాత, కొడుకు లేని లోకంలో, ఆ మాటలు లేచి 130 మంది తల్లుల కొడుకులను ఇంటికి చేర్చాయి.

ప్రియులారా, ఈ కథను నేను తియ్యగా ముగించలేను. ఎందుకంటే అది అలా ముగియలేదు. ఆ రోజు చుక్కాని పట్టిన రోజర్ కూడా 1945 మార్చి 9న, ఐరోపాలో యుద్ధం ముగియడానికి రెండు నెలల ముందు, ఫ్రాన్సులోని గ్రాన్‌విల్ దగ్గర చనిపోయాడు. మొదటి వారంలో ఒక కొడుకు, చివరి నెలల్లో ఇంకో కొడుకు. తండ్రి 1952 డిసెంబరు దాకా బతికాడు. 130 మందిని కాపాడావు కాబట్టి నీ కొడుకు చావుకు లెక్క సరిపోయింది అని ఆ తండ్రితో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బిడ్డల చావుకు అలాంటి లెక్కలు ఉండవు.

ఇంకో మాట కూడా దాచకూడదు. బ్రయాన్ ఆ రోజు బయలుదేరింది బాంబులు వేయడానికే. బాంబు కింద ఉన్నవాళ్ళ సంగతి మన కోస్తా ప్రజలకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్ళు ఖాళీ చేసి జనం పల్లెలకు పారిపోయారు. శత్రువును ప్రేమించమన్న ప్రభువు శిష్యులం మనం. కాబట్టి యుద్ధాన్ని నేను పొగడడం లేదు. ఒక కొడుకును తలుచుకుంటున్నాను, అంతే. అతను తలుచుకోదగిన కొడుకు.

దావీదు రాజును చూడండి. ఒక బిడ్డ చనిపోయినప్పుడు లేచి స్నానం చేసి, మందిరానికి వెళ్ళి మొక్కి, భోజనం చేశాడు (2 సమూయేలు 12). అది చూసి సేవకులకే ఆశ్చర్యం వేసింది. అదే దావీదు అబ్షాలోము చనిపోయినప్పుడు గుమ్మం పైనున్న గదికి ఎక్కిపోతూ, నీకు బదులు నేను చచ్చినా బాగుండేదని వెక్కి వెక్కి ఏడ్చాడు (2 సమూయేలు 18). ఇద్దరూ ఒక్క దావీదే. విశ్వాసం ఉన్నవాడు ఏడవకూడదని బైబిలులో ఎక్కడా లేదు. ఏడుస్తున్నవాడి నోరు మూయించమని పాస్టరుకు ఏ పత్రికలోనూ ఆజ్ఞ లేదు. నేను ఆ రోజు చేసిన పొరపాటు అదే.

ఐదు రొట్టెలు పంచిన సంగతి కూడా గుర్తు చేసుకోండి (యోహాను 6). అందరూ తిని తృప్తి పొందిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను కూడా ఏరించాడు. ఏదీ పాడు కాకూడదని ఆయన కోరిక. మనం పెద్ద రొట్టెనే చూస్తాం. అది విరిగిపోతే అంతా పోయింది అనుకుంటాం. ఆయన ముక్కలు ఏరించే దేవుడు. బ్రయాన్ నాన్నకు చెప్పిన మాటలు అలాంటి ముక్కలు.

ఇది చదివాక మొన్న వేసవిలో నేను మళ్ళీ ఆ తండ్రి ఇంటికి వెళ్ళాను. ఈసారి బైబిలు సంచిలోనే ఉంచాను. "అబ్బాయి గురించి చెప్పండి" అని మాత్రం అడిగాను. ఆయన కాసేపు నా ముఖం చూశారు. తరువాత మొదలుపెట్టారు. చీకటి పడేదాకా చెప్పారు. ఆ పిల్లవాడి అల్లరి, పదో తరగతి మార్కులు, మొదటి జీతంతో అమ్మకు తెచ్చిన చీర, అన్నీ చెప్పారు. మధ్యలో తోట సంగతి వచ్చింది. డ్రిప్పు పైపులు మూసుకుపోతే వాటి చివరి మూతలు విప్పి నీళ్ళు ఎలా వదలాలో, ఫిల్టరు విప్పి ఎలా కడగాలో కొడుకే నేర్పాడట. ఇప్పుడు చుట్టుపక్కల రైతులు పైపులు మొరాయిస్తే ఆయన్నే పిలుస్తున్నారట. ఆ మాట అంటూనే ఆగిపోయారు. చాలాసేపు చేతుల వైపు చూసుకున్నారు. తరువాత ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. వాక్యం చదవలేదు. వచ్చేటప్పుడు ఆయన వీధి చివరిదాకా నడిచి వచ్చి నన్ను సాగనంపారు.

ఆయన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ వృథా అనే మాట మాత్రం ఇక నేను అంత తొందరగా ఒప్పుకోను.

మీ ఇంటి పక్కన బిడ్డను పోగొట్టుకున్న తల్లి గానీ తండ్రి గానీ ఉంటే, ఈ వారం ఒకసారి వెళ్ళండి. ఓదార్పు మాటలు వెతుక్కుంటూ వెళ్ళకండి. ఆ బిడ్డ పేరు మీ నోటితో పలికి, ఎలాంటివాడో చెప్పమని అడగండి. ఆ పేరు తలిస్తే వాళ్ళకు బాధ కలుగుతుందేమోనని మనం జంకుతాం. ఆ పేరు ఎవరూ తలవడం లేదన్నదే వాళ్ళకు ఎక్కువ బాధ. బిడ్డలు బతికి ఉన్న తల్లిదండ్రులారా, ఈ సాయంత్రం మీ అబ్బాయో అమ్మాయో ఫోను చేసి వాళ్ళ పని గురించి ఏదో చెబుతుంటే, అర్థం కాకపోయినా వినండి.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, నీవు కూడా కుమారుని అప్పగించిన తండ్రివి. మా మధ్య ఖాళీ కుర్చీలున్న ఇళ్ళను నీవు ఎరుగుదువు. త్వరపడి మాట్లాడే మా నోళ్ళను క్షమించుము. వినే చెవులను మాకు దయచేయుము. విరిగిపోయిన బ్రతుకులలో ఏ ముక్కా నీ చేతిలో నుండి జారిపోకుండా కాపాడుము. యుద్ధాలు మాన్పుము, తల్లుల కన్నీరు తుడువుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.